ఎడమచేతి ఒర

హెరన్ వాగు, అలాస్కా
1984, ఏప్రిల్ 9

అన్నయ్యా,

బుధవారం టపా విమానం రెండు ఉత్తరాలు పడేసి వెళ్ళింది. ఒకటి నీది, ఒకటి చేపల ఆఫీసుకి కొత్తగా వచ్చిన కెల్సోది. నీది చదివి నవ్వుకున్నాను. అతనిది చదివాక ఒళ్ళు మండింది.

ఇకమీదట చేపల కంచెల దగ్గర ఒంటరిగా ఉండే ప్రతి మనిషీ ఒంటిమీద చేతి తుపాకీ పెట్టుకుని తిరగాలట. గుమ్మం వెనక రైఫిల్ ఉంటే చాలదట. జూన్ పద్నాలుగున అతనే వచ్చి పరీక్ష పెడతాడట. ఎనిమిది అంగల దూరంలో గుంజకి ఒక కాగితం కంచం కొడతాడు. ఒరలోంచి తీసి, అయిదు సెకన్లలో మూడు తూటాలూ ఆ కంచంలో పెట్టాలి. పెట్టలేకపోతే ఈ వేసవికి ఇక్కడ ఇంకో మనిషిని వేస్తారు. క్యాబిన్ ఆఫీసుది కాబట్టి నేను సామాను సర్దుకోవాలి.

ఇరవై రెండేళ్ళుగా ప్రతి వేసవీ ఈ వాగుకి అడ్డంగా కంచె కడుతున్నాం. తలుపెత్తి, పైకి పోయే సాల్మన్ని ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టాం, నేనూ మీ బావా. ఆయన పోయాక నేనొక్కదాన్నే లెక్కపెట్టాను. యాభై ఎనిమిదేళ్ళ ముసలిది కాగితం కంచానికి బెదిరి పారిపోతుందని కెల్సో అనుకుంటే, అతనికి మన అమ్మ పెంపకం సంగతి తెలియదన్నమాట.

ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను. కంచెకి పట్టిన చెత్త లాగేటప్పుడు నడుముదాకా నీళ్ళలో ఉంటాను, చేతులు దంతె మీద ఉంటాయి, రైఫిల్ గట్టు మీదే ఉండిపోతుంది. ఒంటిమీద ఒకటి ఉండటం తప్పేమీ కాదు. ముప్పై ఏళ్ళుగా తుపాకులు బాగుచేసేవాడివి, నువ్వే ఒకటి ఎంచి పంపు. రోజంతా మోసినా తీసి పక్కన పెట్టాలనిపించనిది కావాలి. అందచందాలు నాకక్కర్లేదు.

ఇదంతా రేడియోలో అడగను. పొద్దునా సాయంత్రం నేను చేపల లెక్క చెప్పే ఆ రేడియోని సముద్రం మీద పడవలన్నీ చెవులు రిక్కించి వింటాయి.

నీ కొట్టు పైన నాకోసం ఉంచిన గది గురించి మాత్రం మళ్ళీ రాయకు.

టోరా


పీటర్స్‌బర్గ్, అలాస్కా
ఏప్రిల్ 17

చెల్లీ,

ఇదే విమానంలో పెట్టె పంపుతున్నాను. పెద్ద రివాల్వర్, నలభైనాలుగు కాలిబర్. జానెడు గొట్టం. నా కొట్టులో ఇంతకంటే నమ్మకమైన సరుకు లేదు. చేతికి కాస్త బరువనిపిస్తుంది. ఎలుగు కూడా బరువుగానే ఉంటుంది మరి. నువ్వు కాల్చబోయేది ఉడుతని కాదు.

తోలు ఒర నడుముకి కట్టుకో. వాన పడుతుంటే ఒరతో సహా దేనికైనా గొట్టం కిందికి ఉండేలా తగిలించు, లోపలికి చుక్క నీరు దిగదు. నేను ముప్పై ఏళ్ళుగా ఏ తుపాకీనైనా అలాగే తగిలిస్తాను, ఒక్కటీ తుప్పు పట్టలేదు. ఐనర్ బావ ఉంటే ఆయనా నీకు పెద్దదే ఇమ్మనేవాడు.

ఆ గది గురించి రాయవద్దన్నావు. సరే, రాయను. పొయ్యి కొత్తది పెట్టించాననీ, కిటికీలోంచి రేవు మొత్తం కనిపిస్తుందనీ, శుక్రవారాలు కింద కాఫీ హోటల్లో బఠాణీ సూపు దొరుకుతుందనీ కూడా రాయను. నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అని చిన్నప్పటి నుంచీ తెలిసినవాణ్ణి.

హాల్వర్


హెరన్ వాగు
మే 8

అన్నయ్యా,

నీ పెద్దది వచ్చింది. రోజూ పొద్దున అంబలి తాగి, డబ్బా మూత ఒకటి గుంజకి కొట్టి, కాల్చి చూస్తున్నాను. మొదటి తూటా మూతలో పడుతుంది. రెండోది గుంజకి తగులుతుంది. మూడోది ఎక్కడికి పోతోందో గద్దలకి తెలియాలి. రెండేళ్ళ కిందట మంచు మీద జారి విరిగిన మణికట్టు వంకరగానే అతుక్కుంది కదా. ఒక్కో తూటాకీ మోచేయిదాకా తిమ్మిరెక్కుతోంది. సాయంత్రం కాఫీ గిన్నె ఎడమచేత్తో ఎత్తుకుంటున్నాను.

నడుముకి కట్టమన్నావు. నేను పనిచేసేది ఎక్కడో మరిచిపోయావా? కంచెలో దిగితే అది నీళ్ళలో ఈదుతుంది. పైకి లాక్కుంటే దంతె కర్రకి అడ్డం పడుతుంది. ఇక తగిలించడం సంగతి. మీ బావ గొట్టం మూతికి నల్లటేపు అంటించి, తుపాకీని సంచి మీద పడుకోబెట్టేవాడు. నిలబెట్టడం, తగిలించడం ఆయనకి గిట్టేవి కావు. అలాంటి మనిషి ఎలుగు చేతిలో పోయిన ఆ ఒక్కరోజే చెట్టుకి తగిలించాడని ఊరు చెప్పుకుంటోంది. చెప్పుకోనీ.

నాకు మూడువందల యాభై ఏడు కావాలి, అంకె పెద్దదైనా దాని తూటా నీదానికంటే సన్నం. నాలుగంగుళాల గొట్టం చాలు. మెత్తటి సీసం తూటాలొద్దు, అవి చర్మంలోనే చితికిపోతాయి. గట్టి సీసంతో పోసిన బరువైనవి పంపు, లోతుగా దిగుతాయి. చిన్నదైతే మూడూ మూతలో పెట్టగలను. పెద్దది తప్పిపోవడం కంటే చిన్నది తగలడం మేలు కదా. ఎలుగు దాని మీద రాసిన అంకె చదవదు.

టోరా


పీటర్స్‌బర్గ్
మే 15

చెల్లీ,

ఆడలేక మద్దెల ఓడు అన్నారు. మణికట్టుకి పట్టీ కట్టుకుని రోజూ ఇరవై తూటాలు కాల్చు, అదే అలవాటవుతుంది. చిన్నది నేను పంపను. రేపు ఏదైనా అయితే ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోను? చెల్లెలికి బొమ్మ తుపాకీ ఇచ్చాడంటారు.

పైగా కెల్సో కూడా నలభైనాలుగుకి తక్కువ ఒప్పుకోడు. చేతకాకపోతే చేతకాదని చెప్పడంలో సిగ్గేమీ లేదు. ఒక మనిషి ఎన్ని వేసవులు లెక్కపెట్టాలి ఆ చేపల్ని? లెక్కపెట్టినా పెట్టకపోయినా అవి పైకి పోతూనే ఉంటాయి.

గది ఊడ్పించాను.

హాల్వర్


హెరన్ వాగు
మే 30

అన్నయ్యా,

చదివేముందు కూర్చో. నాకేమీ కాలేదు, ఈ ఉత్తరం రాస్తున్నది నేనే.

సోమవారం మధ్యాహ్నం కంచె చట్రాలు నిలబెడుతున్నాను. పొద్దుటి నుంచీ వాన. నీ పెద్దది తుంటి మీద కొట్టుకుని కొట్టుకుని చర్మం లేచిపోయింది. ఇంక భరించలేక పటకా విప్పి, గట్టు మీది గుంజకి తగిలించాను. నువ్వు చెప్పినట్టే, గొట్టం కిందికి. అయిదు నిమిషాల పనే కదా అనుకున్నాను. వాగు మధ్యకి నడిచి మేకు కొడుతున్నాను.

తలెత్తేసరికి గుంజ పక్కన ఎలుగు నిలబడి ఉంది. ఆడది, చలికాలం నిద్రలేచి చిక్కిపోయి ఉంది. నాకూ తుపాకీకీ మధ్య పన్నెండు అంగలు. ఆ పన్నెండు అంగల్లోనూ అదే ఉంది.

నా చేతిలో సుత్తి తప్ప ఏమీ లేదు. పరిగెత్తలేదు. పరిగెత్తకూడదని గుర్తొచ్చి కాదు, కాళ్ళు రాలేదు. నోరు మాత్రం వచ్చింది. ఏం మాట్లాడాలో తోచక చేపల లెక్క మొదలుపెట్టాను, పెద్దగా, రేడియోలో చెప్పినట్టు. ఒకటి, రెండు, మూడు. అది తలొంచి విన్నది. తర్వాత నీ నలభైనాలుగుని వాసన చూసింది. ముక్కుతో ఒక్కటి తోస్తే పటకాతో సహా నీళ్ళలో పడింది. నలభై ఒకటి దగ్గర వెనక్కి తిరిగి పొదల్లోకి పోయింది. నేను అరవైదాకా లెక్కపెడుతూనే ఉన్నాను.

ఆ రాత్రి బాగా ఆలోచించాను. తప్పు తుపాకీది కాదు, నాది. కానీ బరువైనదాన్ని మనిషి ఎప్పుడో ఒకప్పుడు దింపుతాడు. అలసిపోతాడు, వాన పడుతుంది, అయిదు నిమిషాలే అనుకుంటాడు. అంత తెలిసిన నేనే దింపాను. ఇంకెవరు దింపినా ఆశ్చర్యం లేదు. ఈ మాట గుర్తు పెట్టుకో.

నీ పెద్దదాన్ని వాగులోంచి తీసి, తుడిచి, నూనె రాసి, బుధవారం వచ్చిన పైలట్‌కి ఇచ్చి అతని మూడువందల యాభై ఏడు తీసుకున్నాను. గట్టి తూటాలు రెండు పెట్టెలు కూడా ఇచ్చాడు. నన్నడక్కుండా ఎలా ఇచ్చావని అడుగుతావు. నాకిచ్చాక అది నాది. పాత రబ్బరు బూటు కోసి రొమ్ము మీద ఒర కుట్టుకున్నాను, పిడి ఎడమవైపుకి. కుడిచెయ్యి ఎలాగూ దంతె మీదే ఉంటుంది, ఎడమచెయ్యి ఇంకా నా మాట వింటుంది.

టోరా


పీటర్స్‌బర్గ్
జూన్ 5

టోరా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇప్పుడైనా ఒప్పుకో, అది ఒంటరి ఆడమనిషి ఉండాల్సిన చోటు కాదు. తుపాకీ నీళ్ళలో పడేసినా ఫరవాలేదు, పైలట్‌కి ఇచ్చినా ఫరవాలేదు. విమానం ఎక్కు. పద్నాలుగో తారీకుదాకా ఆగకు. ఎడమచేత్తో కాల్చేదాన్ని ఏ పరీక్షా ఒప్పుకోదు, అవమానపడి రావడం కంటే ముందే రావడం గౌరవం.

ఆ గుంజకి తగిలించావని రాశావే, ఆ మాట చదివినప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

నీ అన్న


హెరన్ వాగు
జూన్ 17

హాల్వర్,

అన్నయ్యా అని రాయడానికి ఈసారి చెయ్యి రాలేదు.

కెల్సో పద్నాలుగున వచ్చాడు. నిండా ముప్పై ఏళ్ళు లేవు, బూట్లు కొత్తవి. నా రబ్బరు ఒర చూసి నోరు తెరిచాడు. ఇది చెల్లదు, నలభైనాలుగే ఉండాలి, ముప్పై ఏళ్ళ అనుభవమున్న నిపుణుడు రాసిచ్చాడు అన్నాడు. ఎవరా నిపుణుడు అని అడిగాను. సంచిలోంచి ఉత్తరం తీసి చూపించాడు. అక్షరాలు చూడగానే నీవని తెలిసింది. వాటి కింద నా మణికట్టు కథ కూడా ఉంది. పెద్ద తుపాకీతో ఆమె నెగ్గడం జరగదు, కాబట్టి పెద్దదే అడగండి, ఆమె మంచికే అని. ఆ తారీకు ఏప్రిల్ పదహారు. మర్నాడు నాకు పెద్దది పంపావు.

నేను ఓడిపోవాలని ఎంచి పంపావన్నమాట. నమ్మకమైన సరుకు అని రాశావు కూడా.

కెల్సోని ఆఫీసు ఉత్తర్వు చదవమన్నాను. అందులో ఉన్నది మూడువందల యాభై ఏడుకి తగ్గకూడదనే. ఏ చేత్తో కాల్చాలో ఎక్కడా లేదు. అతను రెండుసార్లు చదివాడు. చదువుకున్నవాడు, చదివినదాన్ని కాదనలేకపోయాడు. కుడిచేత్తో దంతె పట్టుకునే నిలబడ్డాను, పనిలో ఎలా ఉంటానో అలాగే. ఎడమచేత్తో తీశాను. మొదటిది కంచం అంచున పడింది, మిగతా రెండూ నడిమధ్యన. అతను దగ్గరికి వెళ్ళి కన్నాల్లో వేలు పెట్టి మరీ చూశాడు. నాలుగున్నర సెకన్లు. సంతకం పెట్టాడు. ఈ వేసవి వాగు నాది.

తర్వాత జాగ్రత్తల పుస్తకం తీసి చదవాలన్నాడు, అదీ నియమమట. మూడో పేజీకి వచ్చేసరికి మధ్యలో ఆగిపోయాడు. 'తుపాకీని చెట్టుకి తగిలించి ప్రాణం పోగొట్టుకున్న ఐనర్ లాగా' అని అచ్చు వేశారు. అతని మొహం కందగడ్డ అయింది. పాపం, నేనెవరో చదువుతుండగా గుర్తొచ్చింది. ఆ పేరు తప్పు అని చెప్పాను. మరి ఎవరి పేరు అని అడిగాడు. చెప్పాల్సింది నేను కాదన్నాను.

నాకు మొదటి రోజు నుంచీ తెలుసు, హాల్వర్. మీరిద్దరూ జింక వేటకి వెళ్ళిన ఆ రోజు, కేకలు విని పడవేసుకుని వచ్చినప్పుడు ముందు ఆయన్ని చూశాను, తర్వాత ఆల్డర్ చెట్టుని చూశాను. రైఫిల్ కొమ్మ మొండికి తగిలించి ఉంది. గొట్టం కిందికి. ఈ రేవుల్లో అలా తగిలించే మనిషి ఒక్కడే. నువ్వు ఐనరే తగిలించాడని అన్నావు. అందరి ముందూ అన్నావు. నేను నోరు మూసుకున్నాను. ఉన్న ఒక్క అన్ననీ అదే రోజు పోగొట్టుకోలేక మూసుకున్నాను. రెండున్నరేళ్ళు నువ్వే చెబుతావని ఎదురుచూశాను. నువ్వేమో గదికి పొయ్యి పెట్టించావు.

నేను ఇక్కడుంటే నీకు నిద్రపట్టదు, అందుకని నన్ను ఇక్కణ్ణుంచి కదిలించేద్దామనుకున్నావు. నా మంచికే అన్నావు కానీ, నువ్వు కాపలా కాసింది నీ అబద్ధానికి. నేను కదలను. నిద్ర పట్టకపోతే లేచి కూర్చో.

టోరా


పీటర్స్‌బర్గ్
జూలై 20

టోరా,

నెలరోజులుగా ఉత్తరం మొదలుపెట్టి చించేస్తున్నాను. ఇది పంపుతాను.

ఒకరు కోస్తుంటే ఒకరు కాపలా ఉండాలి. కోసేవాడి చేతులు మాంసంలో ఉంటాయి కాబట్టి కాపలావాడు రైఫిల్ దింపకూడదు, కాఫీ కూడా తాగకూడదు. మన నాన్న నేర్పింది అదే. ఆ రోజు జింకని కోస్తున్నది బావ. కాపలా నాది. వాన కురుస్తోంది. జింక కాలు చేజారిపోతుంటే బావ ఒక్కడే తంటాలు పడుతున్నాడు. పట్టుకోమని ఆయనే అడిగాడని రాద్దామనుకున్నాను, ఇన్నాళ్ళూ నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అడగలేదు. ఒకసారి తలెత్తి, 'నువ్వక్కడే ఉండు హాల్వర్, నేను చూసుకుంటాగా' అన్నాడు కూడా. నాకు చలేస్తోంది, పని తొందరగా తెమలాలి. రైఫిల్ కొమ్మకి తగిలించి వెళ్ళి కాలు పట్టుకున్నాను.

ఎలుగు బావ వెనకనుంచి వచ్చింది. చెట్టు దగ్గరికి పదకొండు అంగలు. కొట్టు నేలమీద ఎన్నిసార్లు కొలిచానో చెప్పలేను. నేను చేరి, తీసి, కాల్చేసరికి అది పోయింది, బావ కూడా పోయాడు. నీ పడవ చప్పుడు వినిపించింది. మళ్ళీ ఎందుకు తగిలించానో ఇప్పటికీ తెలియదు. చెయ్యి అలవాటు. నువ్వు దిగి 'తుపాకీ ఏది?' అని అడిగావు. నోట్లోంచి ఆ అబద్ధం వచ్చేసింది. ఒకసారి వచ్చాక దాన్ని మింగడానికి రోజులు గడిచేకొద్దీ ధైర్యం తగ్గింది. పిరికివాణ్ణి. రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నాను.

నిన్ను రమ్మన్నది నీ మీద బెంగతో కూడా. అది అబద్ధం కాదు. కానీ నువ్వన్నదీ నిజమే.

సోమవారం పొద్దున కాఫీ హోటల్లో పడవలవాళ్ళందరూ ఉండగా లేచి చెప్పాను.  ఎవరో నా కప్పులో మళ్ళీ కాఫీ పోశారు. అక్కణ్ణుంచి కెల్సో ఆఫీసుకి వెళ్ళి, నీ చేతి గురించి రాసినందుకు క్షమించమని అడిగి, మూడో పేజీ సంగతి చెప్పి, కింద నా పేరు రాసిచ్చాను. పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తారట. ఐనర్ పేరు తీసేస్తారు. నా పేరు వెయ్యమన్నాను. ఎవరి పేరూ వద్దన్నాడు కెల్సో. వెయ్యాల్సిందేనని పట్టుబట్టాను.

దీంతో ఒక ఒర పంపుతున్నాను. పదిహేను రోజులు పట్టింది. దుప్పి తోలు, రొమ్ము మీదికి, ఎడమచేతికి. బరువు మెడ మీద కాకుండా భుజాల మీద పడేలా పట్టీలు వేశాను. నువ్వు పారేసినా అడగను. క్షమించమని కూడా అడగను. అన్నయ్యా అని మళ్ళీ రాస్తావా అని మాత్రం అడుగుతున్నాను.

హాల్వర్


హెరన్ వాగు
ఆగస్టు 29

అన్నయ్యా,

అడిగింది ఇచ్చాను. దాన్ని చూసి మిగతాది కూడా ఇచ్చేశానని అనుకోకు. కోపం అలాగే ఉంది. పొద్దున లేవగానే ఉంటుంది, చేపలు గుంపుగా వచ్చినప్పుడు కాసేపు మరిచిపోతాను, సాయంత్రం మళ్ళీ వస్తుంది. ఎన్నాళ్ళుంటుందో దానికే తెలియాలి. నేను దాన్ని పొమ్మనడం లేదు.

ఒర బాగా కుదిరింది. మొదటి రోజు పట్టీ భుజం కింద కరిచింది, ఒక కన్నం కొత్తగా పొడుచుకున్నాను. పొద్దున బూట్లతో పాటు తొడుక్కుంటే నిద్రపోయేటప్పుడు బూట్లతో పాటే విప్పుతున్నాను. మధ్యలో ఉన్నట్టే తెలియడం లేదు. కుట్టు నువ్వు బాగా కుడతావని ఎప్పుడూ ఒప్పుకున్నదాన్నే.

ఆ ఆడ ఎలుగు వారానికి రెండుసార్లు వస్తోంది. ఒడ్డున కూర్చుని తన వాటా తిని పోతుంది. నా చెయ్యి రొమ్ము మీదికి పోతుంది కానీ, ఇంతవరకూ తీయాల్సిన అవసరం రాలేదు. లెక్క మాత్రం దానికి వినపడేలా పెద్దగా చెబుతున్నాను. అలవాటు పడింది.

కొత్త పుస్తకం కెల్సో స్వయంగా తెచ్చిచ్చాడు. మూడో పేజీ చూశాను. నీ పేరు చూసి సంతోషించలేదు. ఆయన పేరు లేకపోవడం చూసి గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. కెల్సో ఏం చెయ్యాలో తెలియక కట్టెలు కొట్టాడు, సగం వంకరగానే కొట్టాడు.

ఆల్డర్ చెట్టు నరికించుకోమని అప్పట్లో అందరూ అన్నారు. నరకలేదు. దాని నేరమేమీ లేదు. అటు వెళ్ళినప్పుడల్లా ఆ కొమ్మ మొండికి ఇప్పుడు నా కాఫీ గిన్నె తగిలిస్తున్నాను.

గదిలో పొయ్యి ఆర్పెయ్యి. నేను అక్కడికి రావడం జరగదు, నువ్వే ఇక్కడికి రావాలి. మీ బావ పోయాక ఈ గట్టు మీద కాలు పెట్టలేదు నువ్వు, వేటకి రైఫిల్ కూడా ముట్టుకోలేదని పైలట్ చెప్పాడు. ఇక చాలు. అక్టోబరు మొదటి బుధవారం విమానం ఎక్కు. చలికాలానికి నాకు జింక మాంసం కావాలి. ఆయన పోయిన ఆ పచ్చికలోకే వెళ్దాం. నీ రైఫిల్ తెచ్చుకో, నల్లటేపు నా దగ్గర ఉంది. నేను ఆ చెట్టువైపు వీపు పెట్టి మోకాళ్ళ మీద కూర్చుంటాను.

కోసేది నేను. కాపలా నువ్వు.

టోరా